కోటేశ్వరి కార్డు మీద నేను కొట్టిన ముద్ర

మా చిన్నప్పుడు... మిరపకోతల రోజులొచ్చాయంటే మా తొమ్మిదో తరగతి సగం ఖాళీ. తెల్లారేసరికి ట్రాక్టరొచ్చి వీధి మొదట్లో హారన్ కొట్టేది. ఆడపిల్లలు తలకు తువ్వాలు చుట్టుకుని, సద్దిగిన్నె పట్టుకుని ట్రక్కు ఎక్కేసేవాళ్ళు. కారంపూడి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు...

నేను క్లాసు లీడర్ని. పేరుకే లీడర్ని... అసలు ఉద్యోగం కోతకు పోయినవాళ్ళను కాపాడటం. మాస్టారు హాజరు పిలుస్తుంటే తలొంచుకుని, గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అనేదాన్ని. ఒకే పూట నాలుగు గొంతులు మార్చిన ఘనత నాది. భలే గర్వంగా ఉండేది!

కోటేశ్వరిది, నాది ఒకే బెంచీ. ఆ ఏడు వాళ్ళ నాయన రాళ్ళ క్వారీలో కాలు విరిగి మంచాన పడ్డాడు. ఇక కోతలన్నీ కోటేశ్వరివే. "ఇంకొక్క రోజు మానితే పేరు కొట్టేస్తా" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం నా దగ్గరకొచ్చి, "ఒసేయ్, రేపు కూడా పోవాలే. సార్‌కి మాత్రం తెలియనీమాకే" అంది. ఆ పిల్ల వేళ్ళు మిరపకాయల మంటకు ఎర్రగా పొంగి ఉన్నాయి.

ఆ మర్నాడే సూదుల రోజు... ఎవరో డాక్టర్లు పుణ్యానికి పెద్దతరగతుల ఆడపిల్లలకు రుబెల్లా టీకా వేస్తున్నారని ముందే చెప్పారు. నా రాత గుండ్రంగా ఉంటుందని పచ్చకార్డుల మీద అందరి పేర్లూ నాతోనే రాయించారు. సూది వేయించుకొచ్చిన వాళ్ళ కార్డు మీద ఊదారంగు ముద్ర కొట్టే పని కూడా నాకే ఇచ్చారు.

"ఇది మీకోసం కాదమ్మా... రేపు మీ కడుపున పుట్టే బిడ్డల కోసం" అంది నర్సమ్మ. మేం ఒకరినొకరు గిల్లుకుని కిసకిసా నవ్వుకున్నాం. మాకు బిడ్డలేంటి!

అందరివీ అయ్యాయి. బల్ల మీద ఒక్క కార్డు మిగిలింది. హాజరు పట్టీలో కోటేశ్వరి ఉంది, పొద్దున పలికింది నేనే కదా... కార్డు మీద ముద్ర లేకపోతే ఇద్దరం దొరికిపోతాం. చుట్టూ చూసి, టప్పున కొట్టేశాను.

సర్దుకుంటూ నర్సమ్మ అడిగింది. "రానివాళ్ళెవరన్నా ఉన్నారా అమ్మా? ఉంటే చెప్పు, వచ్చే వారం మళ్ళీ వస్తాం."

"అందరం వచ్చామండీ" అన్నాను.

కార్డు చేతిలో పెడితే కోటేశ్వరి ఎగిరి గంతేసింది. పేరూ నిలిచింది, సూదీ తప్పింది అని. నర్సమ్మ మళ్ళీ వస్తానన్న మాట మాత్రం నేను చెప్పలేదు. చెబితే నా దొంగతనం బయటపడుతుందని భయం...

పెళ్ళయ్యాక కోటేశ్వరి కడుపుతో ఉండగా, మూడో నెలలో జ్వరం, ఒళ్ళంతా సన్నటి ఎర్రపొక్కులు. మూడు రోజుల్లో తగ్గిపోయింది. వేడి చేసిందన్నారు, వేపాకు నీళ్ళు పోశారు. ఎవరూ పట్టించుకోలేదు.

పాప పుట్టింది. అమూల్య. కంటిపాపలు తెల్లగా ఉన్నాయి. వంటింట్లో పళ్ళెం కింద పడ్డా ఉలిక్కిపడలేదు. గుంటూరులో పిల్లల డాక్టరు దగ్గరికి నేనూ వెంట వెళ్ళాను. పరీక్షలన్నీ చూసి, బిడ్డ కడుపులో ఉండగా తల్లికి రుబెల్లా సోకడం వల్లే ఇలా అయిందన్నారు. "చిన్నప్పుడు బళ్ళో టీకా వేయించుకోలేదా అమ్మా?" అని అడిగారు.

కోటేశ్వరి నావైపు చూడనైనా చూడలేదు. "లేదండీ. ఆ రోజు కోతకి పోయానండీ" అంది. కార్డు మాటా ఎత్తలేదు, నా మాటా ఎత్తలేదు.

బస్సులో నేను ఏడుస్తుంటే, "ఏందే ఇది? చేయమంది నేనే గదా. నువ్వేం జేస్తావు" అని నన్నే ఓదార్చింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని...

ఆపరేషన్ చేశాక అమూల్యకు చూపు కొంత వచ్చింది, మందపాటి అద్దాలతో. వినికిడి రాలేదు. ఇప్పుడు పెద్దపిల్లయింది. ట్రాక్టరొచ్చి ఆగితే పరుగున వెళ్ళి ఇంజన్ మూత మీద అరచెయ్యి పెట్టి నవ్వుతుంది... ఆ అదురే ఆ పిల్లకు చప్పుడు.

ఇప్పుడు కాలం మారింది. పసిపిల్లలప్పుడే ఈ టీకా వేస్తున్నారు, ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మరీ పిలుస్తోంది. ఆ మధ్య బళ్ళలో కూడా వేశారు. మా అమ్మాయి బడికి నేనూ వెళ్ళి, ఆ రోజు రాని పిల్లల పేర్లు అడిగి, ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చాను. మా ఊళ్ళో ఇంకో అమూల్య పుట్టలేదు. సంతోషమే... కానీ ఆ ఒక్క పిల్లకూ తప్పించగలిగి ఉండేదాన్ని.

మీ బళ్ళో సూదుల రోజు గుర్తుందా? గోడ దూకినవాళ్ళు, కోతకు పోయినవాళ్ళు ఎవరు? కింద రాయండి... ఇన్నేళ్ళుగా ఎవరి దగ్గరైనా దాచిన మాట ఉంటే అదీ రాయండి. నాది నేను రాసేస్తున్నాను.

కోటేశ్వరీ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. నర్సమ్మ మళ్ళీ వారం వస్తానందే. రానివాళ్ళెవరని అడిగింది కూడా. నీ పేరు నా నోటిదాకా వచ్చింది... నేనే చెప్పలేదు.