బాపు చెవికి నచ్చిన కీబోర్డు

శ్రీరాంపూర్‌లో మేము ఖాళీ చేసి వచ్చిన కంపెనీ క్వార్టర్‌ను తలుచుకుంటే, నాకు మొదట గుర్తుకొచ్చేది దాని పగటి నిశ్శబ్దమే. మా ఇంట్లో నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు ఇప్పుడు రిటైరై అందరిలాగే రాత్రిపూట నిద్రపోతున్నాడు. బొగ్గుబావిలో పనిచేసిన రోజుల్లో, రాత్రి షిఫ్టు పడ్డ వారాల్లో ఆయన నిద్రపోయేది పగలే. ఉన్నవి రెండు గదులు, నడుమ ఒక పరదా. ఆయన పరదా లాగగానే ఇల్లంతా గొంతు తగ్గించేది. కుక్కర్ కూత పెట్టబోతోందని పసిగట్టి అవ్వ అట్లకాడతో విజిల్‌ను కొద్దిగా ఎత్తి, ఆవిరిని మెల్లగా వదిలేది. గిన్నెల కింద గుడ్డ పరిచి కడిగేవాళ్లం. నేనూ అవ్వా పోట్లాడుకున్నా గుసగుసలతోనే. కరీంనగర్ కాలేజీలో డిబేటింగ్ జట్టులో చేరిన కొత్తలో మా లెక్చరర్, "వాదన మంచిగున్నది గానీ మొదటి బెంచీ దాటుతలేదమ్మా" అన్నారు. నిద్రపోతున్న మనిషి పక్కన నేర్చుకున్న వాదన అంతకంటే దూరం ఎట్లా పోతుంది?

డిగ్రీ ముగించి ఇంటికి వచ్చాక, పాఠాలను టైపు చేసి సవరించి పంపే పని దొరికింది. లాప్‌టాప్ మీద సగం అక్షరాలు పనిచేయడం మానేశాయి. దానికి తగిలించిన చవక కీబోర్డు చేసే గోలకు బాపు నిద్ర చెడింది. కంటి నిండా నిద్ర లేని మనిషి బావిలోకి దిగడం అంటే ఏమిటో మా కాలనీలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. కరీంనగర్‌లో గది తీసుకుని అక్కడే పని చేసుకుంటానంటే అవ్వ ఒప్పుకోలేదు.

"బాపు రిటైరయ్యేదాకనన్న ఇంట్ల ఉండు. తర్వాత నీ ఇష్టం" అంది, అదీ గుసగుసగానే.

చప్పుడు చేయని కీబోర్డు దొరకాలి, లేదంటే నేను ఇల్లు విడవాలి.

వాదనకు దిగేముందు మాటను నిర్వచించుకోవాలని మాకు నేర్పారు. అందుకే కొనేముందు శ్రద్ధగా చదివాను. మెకానికల్ కీబోర్డులో ప్రతి అక్షరం కిందా విడిగా ఒక స్విచ్చు ఉంటుంది. కొన్ని టక్కుమని గట్టిగా మోగుతాయి, కొన్ని సన్నగా పలుకుతాయి, కొన్ని లోపలి రబ్బరుతో దెబ్బను మింగేస్తాయి. మాకు కావలసింది ఆ మూడో రకం. ఇందులో చర్చించడానికేమీ లేదనుకున్నాను.

బాపు సెలవు రోజున ఇద్దరం కరీంనగర్ బస్సెక్కాం. "పండుకునేది నేను. నా చెవులు లేకుంట ఎట్ల కొంటవే?" అని తానే బయలుదేరాడు. దుకాణదారు మూడు కీబోర్డులు బల్ల మీద పరిచాడు.

"కాకా, జర గీ రబ్బరుది కొట్టి చూడు. పక్కన పిల్లి పండుకున్నా లేవది."

బాపు కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, ఒక్క వేలితో మూడింటినీ కొట్టి చూశాడు. రబ్బరుదాన్ని మరోసారి కొట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గిది వద్దు. డొల్లగ పలుకుతుంది. నడిమిది మంచిగ మోగుతుంది, పక్కా ఉన్నది."

"మోగనిదే గదా బాపూ మనకు కావాలె!"

"ఇల్లు కడుతున్నవా కాకా, కీబోర్డు కొంటున్నవా?" అని దుకాణదారు నవ్వాడు.

నేను ఒక్కొక్క కారణమే వివరించాను. బాపు చేతులెత్తేశాడు. "నీతోని ఎవడు గెలుస్తడు తల్లీ, నీకు నచ్చిందే తీస్కో" అన్నాడు. రబ్బరుదే కొన్నాను.

ఆ కీబోర్డు చప్పుడు నిజంగానే వంటింట్లోకి కూడా వినబడలేదు. అయినా నేను పని మొదలుపెట్టిన కాసేపటికే పరదా వెనుక మంచం కిర్రుమనేది. ఒకనాడు పరదా తొలగించి చూస్తే, బాపు వెల్లకిలా పడుకుని ఇంటి కప్పును చూస్తున్నాడు.

"సప్పుడైతుందా బాపూ?"

"పెద్దగ లేదు బిడ్డా. డొల్లగుంది గంతే. కన్ను మూతవడంగనే లేపుతుంది."

అవ్వ నన్ను వంటింట్లోకి లాగింది. "బావిల కడ్డీతోని కప్పును కొట్టి సూస్తరు. ఖంగుమంటే గట్టిగున్నట్టు. డొల్లగ పలికిందంటే కప్పు కూలుతదన్నట్టు, గాడ నిలవడొద్దు, ఉరుకుడే. ఇన్నేండ్ల సంది గదే వింటుండు. గసొంటి సప్పుడుకు ఎట్ల నిద్రవడతడే?"

నిశ్శబ్దానికి నేను ఇచ్చుకున్న నిర్వచనంలో వినే మనిషి లేడు.

మరుసటి వారం మళ్లీ కరీంనగర్ పోయాను. "కాకా గెలిచిండా?" అంటూ దుకాణదారు రబ్బరు స్విచ్చులను ఒక్కొక్కటే పీకి, నడిమి రకం అమర్చి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం భయపడుతూనే టైపు చేయడం మొదలుపెట్టాను. అక్షరాలు సన్నగా, తేటగా మోగాయి. అవ్వ అట్లకాడ చేతిలో పట్టుకుని పరదా వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి లోపలి నుంచి గురక వినిపించింది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పేజీ చివర ఒక వాక్యం ఎంతకూ కుదరక చేతులు ఆపాను. గురక ఆగింది. మంచం కిర్రుమంది. వెంటనే మళ్లీ మొదలుపెట్టాను. అవసరం లేని మాట ఒక్కటీ పలకరాదని పోటీల్లో నేర్చుకున్న నేను, ఆ వాక్యం కుదిరేదాకా అర్థం లేని అక్షరాలను వరుసగా కొడుతూ కూర్చున్నాను.