పిన్ని నవ్విన రోజు

మొన్న మా బావ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. కంపెనీ మీద పుస్తకం వేస్తున్నారట, మొదటి రోజుల సరదా కబుర్లు నాలుగు చెప్పండంకుల్ అంది. సరదాకి మనమేం తక్కువ, పది చెప్పాను. ఈ ఒక్కటీ చెప్పలేదు. మీరు నా ఈడువాళ్లు, మీతో చెప్పుకుంటే బరువు తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. నిక్షేపంలాంటి బ్యాంకు ఉద్యోగం వదిలేసి, మెట్టుగూడలో మా చర్చి వెనక వీధిలో ఒంటిగది అద్దెకు తీసుకుని, పరాయి దేశాల పెట్టుబడి తెచ్చి పేదవాళ్లకు మేలు చేసే చిన్న కంపెనీల్లో పెట్టిస్తానని ఆయన కూర్చున్నప్పుడు, అక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు; ఆమె వాటా కూడా నేనే తిన్నాను. ఎనిమిదో తరగతిలోనే బడితో తెగతెంపులు చేసుకున్న నన్ను బావ పనిలో పెట్టుకున్నది చదువు చూసి కాదు, నోరు చూసి. కాగితాలు ఆయన చదవాలి, మనుషుల్ని నేను చదవాలి. నా పద్ధతి ఒక్కటే: షెడ్డులోకి వెళ్లి, యజమాని ఎదురుగానే ఆయన మీద ఒక జోకు వెయ్యడం. పనివాళ్లు వెంటనే నవ్వితే మంచి చోటు. నవ్వేముందు యజమాని ముఖం చూశారంటే ఆ కంపెనీకో దండం. మీరు నవ్వుతారు గానీ, అప్పటికి ఈ కొలబద్ద మీద ఆరేడు కంపెనీలు నిలబడ్డాయి, ఒక్కటీ బావకి తలవంపులు తేలేదు.

అలాగే మౌలాలిలో పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే షెడ్డుకి వెళ్లాను. అక్కడ ముప్పైమంది ఆడవాళ్లు; అందులో మా అమ్మ చెల్లెలు, మా పిన్ని ఒకతె. చిన్నాన్న పోయాక ఆ పనిలో చేరింది. నేను సరే అంటే షెడ్డు నిలబడుతుంది, కాదంటే మూతపడుతుంది, ఆ సంగతి వాళ్లందరికీ తెలుసు. పొగ లాగే పెద్ద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. యజమాని బొజ్జ మీద నా జోకు పూర్తి కాకముందే షెడ్డంతా ఘొల్లుమంది. "ఏందన్నా, గిట్ల నవ్విస్తే పనేం జేస్తం!" అంది ఒకావిడ. అందరికంటే గట్టిగా నవ్వింది పిన్ని. నాకు బుద్ధి తెలిశాక ఆవిడ నా జోకుకు నవ్వింది లేదు, "నీ మొహం, ఆపరా" అనడమే. నేనేమో అదంతా నా గొప్పే అనుకుని ఉబ్బిపోయి, బ్రహ్మాండంగా ఉంది బావా అని చెప్పేశాను.

ఎవరైనా చూడవచ్చిన రోజునే ఆ ఫ్యాను తిరుగుతుందని, కరెంటు దండగని మిగతా రోజులు ఆపేస్తారని నాకు ఏడాదికి తెలిసింది. అదీ పిన్ని మణికట్లు వేలాడిపోయి, టీ గ్లాసు చేతిలో నిలవక, కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ ఆస్పత్రిలో పడ్డాక. ఒంట్లో సీసం చేరిందన్నారు డాక్టర్లు. ఎందుకు చెప్పలేదు పిన్నీ అని ఏడ్చాను. "చెప్తే ఏం చేసేవాడివిరా, కాదనేవాడివి. ముప్పై పొయ్యిలు ఆరిపోవూ? అందుకే, వాడు నోరు తెరిస్తే చాలు నవ్వేయండే అని ముందే అందరికీ చెప్పి ఉంచా" అంది. నా కొలబద్ద సంగతి ఆవిడ ఇంట్లో, ఆవిడ పెట్టిన అన్నం తింటూ, గొప్పగా చెప్పుకున్నది నేనే మరి. ఆ వానాకాలం దాటలేదు పిన్ని.

బావ డబ్బు వెనక్కి లాగలేదు. పనున్నంతసేపూ ఫ్యాను తిరగాలి, మూడు నెలలకోసారి అందరికీ రక్తపరీక్ష చేయించాలి అని షరతు రాయించాడు. ఇప్పుడాయనకి పెద్ద ఆఫీసు, ఎన్నో దేశాల్లో పెట్టుబడులు, అలాంటి షరతు లేనిదే ఎక్కడా సంతకం పెట్టడు. పొగను మిషను కొలుస్తుంది, రక్తాన్ని ల్యాబు కొలుస్తుంది, నాలాంటివాడి అవసరం లేదు. మంచిదే. నేను మాత్రం నోరు ఊరుకోక, ఇప్పటికీ ఎక్కడో ఒకచోట జోకు వేస్తూనే ఉంటాను. ఎవరైనా కాస్త ముందుగా, కాస్త గట్టిగా నవ్వారంటే, వెంటనే ఆ మనిషి చేతుల వంక చూస్తాను.