ఫ్యాన్ రెక్కల మీద కారం

మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. తొమ్మిదో తరగతిలో తెలుగు టీచరు నా తక్కువ మార్కులు అందరిముందూ చదివారన్న కోపంతో, ఆవిడ కుర్చీపైనున్న ఫ్యాన్ రెక్కల మీద కారం చల్లాను. స్విచ్ వేయగానే అదంతా ఆవిడ కళ్లలో పడింది.

నా పనేనని తెలిసి హెడ్మాస్టరుగారు పోలీసులకు ఫోన్ చేయబోతే టీచరే ఆపారు. "వద్దండీ. నా కళ్లు నయమయ్యేదాకా ఈ పిల్ల రోజూ మా ఇంటికొచ్చి, నేను దిద్దాల్సిన పరీక్ష పేపర్లు చదివి వినిపిస్తుంది."

మొదటిరోజు కళ్లకు కట్టుతో కూర్చుని, "ఎందుకు చేశావమ్మా?" అనడిగారు. భయపడుతూనే చెప్పాను.

"అందరిముందూ అట్టా చదవకూడదు. అది నా తప్పే, ఏమనుకోబాకమ్మా" అన్నారు.

తిట్లకు సిద్ధపడి వెళ్లినదాన్ని, ఆ మాటకు తలెత్తలేకపోయాను. "క్షమించండి టీచర్" అనడానికి నాకు మరో నాలుగు రోజులు పట్టింది. చేసిన పనికన్నా, ఆ నాలుగు రోజుల మౌనానికే ఇప్పటికీ ఎక్కువ సిగ్గుపడతాను.