ఫుట్‌బాల్ సినిమాలో కడబూర

మదనపల్లెలో ఆ పాత ఫుట్‌బాల్ సినిమా మళ్ళీ ఆడుతోందంటే, పోయిన వారం ఒక్కదాన్నే మ్యాట్నీకి వెళ్ళాను. హాలు నిండా వెన్న పాప్‌కార్న్ వాసన, మెడ మీద ఏసీ చలి. తలుపులు మూసి లైట్లు ఆర్పారో లేదో, యాభై దాటిన నా చెవులు నా ప్రమేయం లేకుండానే పైకప్పు అవతలి నుంచి రావలసిన ఒక బూర శబ్దం కోసం వెతకడం మొదలుపెట్టాయి. సినిమా హాల్లో కూర్చుంటే నాకు ఇప్పటికీ భయమే. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ భయం పెట్టింది మా అవ్వ, నాయన తల్లి, రాహేలమ్మ. గుడుపల్లె దగ్గర పల్లెలో పుట్టి, మా అమ్మకు మిషన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చాక మాతోపాటు క్వార్టర్సుకు వచ్చేసిన మనిషి. ప్రభువు ఏ ఘడియలో వస్తాడో తెలియదని, కడబూర మోగగానే నమ్మినవాళ్ళంతా ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఆకాశానికి ఎత్తబడతారని ఆమె నమ్మకం. అందుకే తల దువ్వుకుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని, కళ్ళజోడు బైబిలు మీద పెట్టి గాని మంచమెక్కేది కాదు. ఆమె లెక్కలో సారాయి అంగడికన్నా సినిమా హాలే పాడుచోటు. "ఆడ కూసోని ఉండంగా ఆయనొస్తే నిన్ను ఎత్తుకోడమ్మా. అందరూ పోతారు, నువ్వొక్కతే ఈడ ఉండిపోతావు," అని నాకు జడ వేస్తూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పేది. బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ కనబడకపోతే, ఎవరో ఒకరు దొరికేదాకా క్వార్టర్సు వరుసంతా పరుగెత్తేదాన్ని.

అవి క్రిస్మస్ ముందు రోజులు. హార్స్లీ కొండలు కనబడకుండా మంచు, తెగని తుంపర, టమాటా లారీల చక్రాల కింద నలిగిన ఎర్రబురద, సాయంత్రమైతే క్వార్టర్సు వరుసంతా కజ్జికాయలు, గులాబీ పువ్వులు వేగే నూనె వాసన. చర్చి వెనక మైదానంలో పిల్లలు చీకటి పడేదాకా బంతి తన్నుతుంటే, ఆసుపత్రిలో కాంపౌండరు పని దిగివచ్చిన నాయన గట్టున నిలబడి గొంతు పోయేలా కేకలు పెట్టేవాడు. కుర్రతనంలో గోల్‌కీపరుగా ఆడిన మనిషి. అలాంటి మనిషికి ఫుట్‌బాల్ సినిమా ఊళ్ళోకి వచ్చిందంటే కాలు నిలుస్తుందా? ఒక శనివారం మధ్యాహ్నం నన్ను సైకిలెక్కించుకుని, "అవ్వకు సెప్పొద్దు పాపా," అన్నాడు.

అప్పటి హాలు రేకుల షెడ్డు. ఆడవాళ్ళ బెంచీలు ఒక పక్క, మధ్యలో గోడ, వాళ్ళకు గేటు కూడా వేరే; నేను నాయనతో కుర్చీల్లో కూర్చున్నాను. బీడీ పొగ, శనక్కాయల పొట్టు, తడిసిన దుప్పట్ల వాసన. తెర మీద మిల్లు కూలీల టీము ఓడిపోతూ ఓడిపోతూ ఆఖరి ఆటకు చేరింది. ఆట మొదలయ్యే ముందు బ్యాండువాడొకడు బూర ఎత్తి ఊదాడు. నేను నాయన చొక్కా పట్టుకుని పైకి చూశాను. రేకుల మీద వాన చప్పుడు. "సినిమాలోదేలే," అని నాయన నవ్వాడు గానీ, ఆ తర్వాత తెర మీద ఏం జరిగిందో నాకు తెలియదు, కళ్ళు తెరవలేదు.

దారిలో బజ్జీలు తిని ఇల్లు చేరేసరికి మబ్బు పట్టి పొద్దుగూకకముందే చీకటి పడింది. తలుపు బార్లా తెరిచి ఉంది. స్టవ్వు మీద పాలు పొంగి మాడిపోతున్నాయి. గడప పక్కన అమ్మ చెప్పులు. అవ్వ మంచం మీద బైబిలు, దానిమీద కళ్ళజోడు. నాయన "అమ్మా!" అని పిలిచాడు. పక్కింటికి వెళ్ళి చూశాడు, ఆ పక్కింటికి వెళ్ళాడు. అన్నీ తెరిచే ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. బాణలిలో నూనె ఇంకా కాగుతోంది.

అవ్వ మాటలకు చాటుగా నవ్వే నాయన తిరిగివచ్చి, వాకిట్లో తడినేల మీద మోకరించాడు. "దానికేం తెలీదు ప్రబువా, నేనే పిల్సుకోని పోతిని. బిడ్డనన్నా తీసుకోని పో." నన్నొక్కదాన్నే పైకి పంపేస్తాడేమోనని నేను ఆయన మెడ పట్టుకుని ఏడ్చాను.

అంతలో అమ్మ ఉత్త కాళ్ళతో రొప్పుతూ వచ్చింది. "మీ అమ్మ యాడికి పోయిందో కనపడలే! మీరు సినిమాకు పోయినారని ఎవురో సెప్పినారంట, అప్పుటినించీ లేదు. క్వార్టర్సోళ్ళంతా వెతకతాండారు."

నాయన లేచి సినిమా హాలుకు పరుగెత్తాడు, వెనకే నేను. మధ్యాహ్నం ఆట జనం ఎప్పుడో వెళ్ళిపోయారు. ఆడవాళ్ళ బెంచీల్లో, చీర చెంగు చెవులమీదుగా బిగించి చుట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. గేటువాడు ఎంత పిలిచినా లేవలేదట. నాయన భుజం తట్టాడు.

"అమ్మా, నువ్వు ఈడికి యాల వచ్చినావు?"

ఆమె కళ్ళు తెరిచి, ముందు నన్ను తడిమి చూసుకుంది. "మిమ్మల్ని పిల్సుకోని పోదామని వస్తి. సీకట్లో యాడుండారో కనపడ్లేదు. ఆయనొస్తే మీరు ఈడనే ఉండిపోతారు కదప్పా. అందుకే నేనూ ఈడనే కూసుంటిని."

ఇప్పుడు ఆ రేకుల షెడ్డు లేదు, క్వార్టర్సు కొట్టేశారు, సినిమా పాపమనే మాట చర్చిలో ఎవరూ ఎత్తరు. అవ్వ పరలోకంలో ఉందని మావాళ్ళందరి నమ్మకం, నాదీ అదే. కానీ ఆ సాయంత్రం నిజంగా కడబూర మోగి ఉంటే, జీవితమంతా తయారుగా ఉన్న ఆ మనిషి లేచి వెళ్ళేది కాదు. పోయిన వారం సినిమా అయిపోయి ఊడ్చేవాళ్ళు వచ్చేదాకా నేను సీట్లోంచి లేవలేకపోయాను. నేను వెనకబడిపోతానేమోనని బెంగపడేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.