హంస మెడకు వేపకొమ్మ

నాచారంలో చెరువు పక్క కాలనీకి చిదంబరం అధ్యక్షుడు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. కాలనీవాళ్ళ మొదటి సమావేశానికి కుర్చీలు ఆయన ఇంటి నుంచి వచ్చాయి. సమావేశం అయ్యాక కుర్చీలు ఇంటికి తిరిగి వెళ్తుంటే పదవి కూడా వాటి వెంటే వెళ్ళి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అంతకు ముందు ఉప్పల్లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో హెడ్ క్లర్కుగా ఉద్యోగమంతా లారీ డ్రైవర్ల మీద అరవడంలో గడిపాడు. రిటైరయ్యాక అరవడానికి లారీలు లేక కాలనీ మీద పడ్డాడు.

పుట్టింది కోనసీమలో, కాలవ గట్టున. వాళ్ళ తాత బియ్యం బస్తాల పడవ నడిపేవాడు. చిదంబరం జీవితంలో చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఈ తాతే గనక, ఆ తాత గురించి చెప్పడం ఆయన ఎప్పుడూ మానలేదు. కాలవకి అడ్డంగా ఉండే లాకు తలుపులు తియ్యనన్న అధికారిని లెక్కచెయ్యకుండా తాత పడవని భుజాన వేసుకుని అవతలి నీళ్ళలో దింపాడట. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది ఖాళీ పడవ. కొడుకు పుట్టేనాటికి అందులోకి బస్తాలు ఎక్కాయి. రిటైరయ్యేనాటికి బస్తాల మీద కలెక్టరుగారు, ఆయన గుర్రం కూడా కూర్చున్నారు. తాత మాత్రం ఒక్కసారి కూడా భుజం మార్చుకోలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ మే నెలలో మళ్ళీ లాక్‌డౌన్ పెట్టారు. పొద్దున పదింటి దాకా సడలింపు, ఆ తరువాత ఎవరిళ్ళలో వాళ్ళు. చిదంబరానికి ఇంతకంటే పండగ ఏముంది? మెయిన్ రోడ్డు వైపు దారికి డ్రమ్ములు, వాసాలు అడ్డం పెట్టించి తాళ్ళతో బిగించాడు. చెరువు వైపు ఉన్న కాలనీ గేటుకి ఫ్లెక్సీ కట్టించాడు. సగం ఫ్లెక్సీలో నమస్కారం పెడుతున్న తన ఫొటో. మిగతా సగంలో ఒక నియమం: జ్వరం వచ్చినవాళ్ళు, జ్వరం వచ్చినవాళ్ళతో కలిసి కూర్చున్నవాళ్ళు, ఎంతటివారైనా సరే, గేటు లోపలికి రాకూడదు. ‘ఎంతటివారైనా’ అన్న మాట ఎర్ర రంగులో వేయించాడు. అది తనకు కూడా తగిలే మాట అని ఆయన కలలో కూడా అనుకోలేదు.

మొదట తగిలింది పనిమనిషి సత్తమ్మకి. మొగుడికి జ్వరమొచ్చిందనీ, అతను ఫ్యాక్టరీ షెడ్డులోనే పడుకుంటున్నాడనీ, తను అతని మొహం కూడా చూడలేదనీ ఆమె ఎంత చెప్పినా చిదంబరం వినలేదు. ఫ్లెక్సీ వైపు వేలు చూపించి చదువుకోమన్నాడు. ఆమెకు చదువు రాదని ఆయనకు తెలుసు.

ఇంత కఠినంగా ఉండటానికి ఇంట్లో కారణం ఉంది. కోడలు కీర్తనకు నెలలు నిండాయి. ఆ రోజుల్లో నిండు గర్భిణికి ఈ జ్వరం సోకితే ఏమవుతుందో చెప్పడానికి డాక్టర్లు కూడా తడుముకునేవారు. కొడుకు తేజేష్ స్నేహితుడి భార్య ఒకామె నారపల్లిలో అలాగే పోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. చిదంబరం భార్య సుబ్బులు కూరగాయల్ని కూడా బకెట్లో నానబెట్టి గాని లోపలికి రానిచ్చేది కాదు.

ఇన్ని కట్టుబాట్లు ఊరికి పెట్టిన పెద్దమనిషి పది దాటగానే ఏం చేసేవాడంటే, పేకముక్కలు జేబులో వేసుకుని వెనక దారిన చెరువుకి పోయేవాడు. అక్కడ పిల్లలు తొక్కుకునే హంస పడవలు రెండు ఉండేవి. ఒకదాని పెడల్స్ ఎప్పుడో విరిగిపోయాయి. రెండోదాంట్లో చిదంబరం, పక్క వీధి రామచంద్రరావు, మోటార్లు బాగుచేసే భూషణం ఎక్కి, నడిచెరువు దాకా తొక్కుకుంటూ పోయి రమ్మీ ఆడేవారు. మాస్కులు తీసి హంస ముక్కుకి తగిలించేవారు. రామచంద్రరావుకి ఒక అలవాటుంది. ప్రతి ముక్కకీ వేలు నాలుకకి రాసుకుంటే గాని ఆయనకి పంచడం రాదు.

పడవలకి కాపలా బిక్షపతి. జనగామ వైపు మనిషి, ఒకప్పుడు దారం మిల్లులో పనిచేశాడు. లాక్‌డౌన్‌లో పడవెందుకని అతను అడిగితే, ప్రభుత్వం ఉత్తర్వు ఆసాంతం చదివాననీ, అందులో రోడ్డు ఉంది, దుకాణం ఉంది, చెరువు అన్న మాట ఎక్కడా లేదనీ చిదంబరం వివరించాడు. కాలవ మీద పుట్టినవాళ్ళకి గట్టు మీది రూలు వర్తించదన్నాడు. నీటి మీద మనిషి స్వతంత్రుడన్నాడు.

“గిది మీ కాలువ గాదు సారూ,” అన్నాడు బిక్షపతి. “పైకెల్లి ఫ్యాక్టరీ మోరీ, కిందికెల్లి మీ కాలనీ మోరీ. స్వతంత్రం సంగతి నాకు దెల్వది గని, చెయ్యి ముంచితే దురద మాత్రం పక్కా.”

కానిస్టేబుల్ మహిపాల్ రోజూ చెరువుకట్ట మీద బండి ఆపి విజిల్ ఊదేవాడు. అంకుల్, జర ఇంటికి పోండ్రి అని బతిమాలేవాడు. చిదంబరం నీటి మధ్య నుంచి చెయ్యూపేవాడు. పోలీసు బండి నీళ్ళలో నడవదు. అలా ఊదీ ఊదీ మహిపాల్ బుగ్గలు బూరెల్లా అయ్యాయనీ, ఆ దెబ్బకి మాస్కు ఒక సైజు పెద్దది కొనుక్కున్నాడనీ కాలనీలో చెప్పుకున్నారు.

ఒకరోజు రామచంద్రరావు ఆటకి రాలేదు. పడవ ఇంకా కట్టు విప్పకముందే ఆయన భార్య ఫోన్ చేసింది. ముందు రోజు నుంచీ జ్వరమనీ, పరీక్షలో కరోనా అని తేలిందనీ చెప్పింది. భూషణం చేతిలో ముక్కలు అక్కడే పెట్టేసి, ఎవరూ చెప్పకుండానే బండెక్కి, అన్నోజిగూడలో తన ప్లాటులో వేసుకున్న గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. చిదంబరం మాత్రం కాసేపు హంసలో కూర్చుని ఆలోచించాడు. తనకి జ్వరం లేదు, దగ్గు లేదు. ఇంట్లో చెబితే ఊరికే గోల. చెప్పాలో వద్దో తేల్చుకోవడం మనిషి స్వేచ్ఛ. ఈ పెద్ద మాట దొరికాక ఆయనకి ప్రాణం హాయిగా ఉంది. లేచి ఇంటి దారి పట్టాడు.

కాలనీ గేటుకి తాళం వేసి ఉంది. లోపల సుబ్బులు నిలబడి ఉంది.

“ఏవండీ, రామచంద్రరావు అన్నయ్యగారు ముక్కలు పంచేటప్పుడు వేలు ఇంకా నాలిక్కి రాసుకుంటున్నారా?”

ఫోన్ ముందు ఆమెకే వచ్చిందని చిదంబరానికి అర్థమైంది.

“ఆ సంగతి ఇప్పుడెందుకు? తాళం తియ్యి.”

“ఫ్లెక్సీ చదవండి.”

“రాయించింది నేనే కదే.”

“అందుకే చదవమంటున్నా. పాపం సత్తమ్మకంటే రాదు. మీకొచ్చుగా.”

చిదంబరం అరవడం మొదలుపెట్టాడు. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఇది నా కాలనీ, ఇది నా గేటు అన్నాడు. నా కాళ్ళు ఎక్కడికి పోవాలో చెప్పడానికి ఎవరికీ హక్కు లేదన్నాడు. చివరికి తాతని దింపాడు. ఏ లాకు దగ్గరా ఆగని మనిషి మనవణ్ణి, ఒక ఇనప గేటు దగ్గర ఆగుతానా అన్నాడు. ఎదురుగా ఫ్లెక్సీలోని చిదంబరం ఆయనకి వినయంగా నమస్కారం పెడుతూ ఉన్నాడు.

సుబ్బులుది కూడా అదే కాలవ, కింది ఊరు. అంతా విని, గొంతు పెంచకుండా తన కథ చెప్పింది. తాత లాకుల దగ్గర ఆగని మాట నిజమే. అది కలరా ఏడు. పడవలో సరుకెత్తే మనిషి ఒకడు జబ్బుపడ్డాడు. ఆ రోజుల్లో పడవలో రోగముంటే తెరచాప కొయ్యకి వేపకొమ్మ కట్టుకుని, ఏ గట్టూ తాకకుండా నడికాలవలోనే ఉండిపోవాలి. కొమ్మ కనబడితే లాకు తలుపులు తీసి దూరం జరిగేవారు. దారి పొడుగునా ఊళ్ళ ఆడవాళ్ళు రేవుల్లో అన్నం మూటలు పెట్టి వెనక్కి పోయేవారు. వాళ్ళు పోయాక పడవవాళ్ళు తీసుకునేవారు. తాత తన సొంత రేవు ముందు నుంచి వెళ్తూ, మెట్ల మీద పెళ్ళాం నిలబడి ఉన్నా పడవ ఆపలేదు. ఆ మూటలు కట్టినవాళ్ళలో సుబ్బులు అమ్మమ్మ ఒకతె.

“మీరు పడవ ఉంచుకుని వేపకొమ్మ పారేశారు,” అంది సుబ్బులు.

తరువాత గేటు మీదుగా ఒక సంచీ అందించింది. అందులో లుంగీలు, తువ్వాలు, మాత్రలు ఉన్నాయి. పైన ఒక వేపకొమ్మ ఉంది.

“హంస మెడకి కట్టండి. అన్నం రేవులో పెడతాను.”

చిదంబరం ఆ కొమ్మని కత్తిలా పట్టుకుని చెరువుకి పోయాడు. సాయంత్రానికల్లా ఆవిడే వచ్చి కాళ్ళమీద పడుతుందని బిక్షపతికి చెప్పాడు. సాయంత్రం క్యారియర్ మాత్రం వచ్చింది. సుబ్బులు దాన్ని రేవు మెట్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

బిక్షపతి టికెట్ల గది ఆయనకి వదిలేసి తను పంపు షెడ్డులోకి మారాడు. ఆ గదికి రేకుల కప్పు. పగలు అందులో కూర్చుంటే మనిషి అప్పడంలా వేగిపోతాడు. అందుకని తెల్లారింది మొదలు చిదంబరం హంసలోనే ఉండేవాడు. రెండు రోజులకి జ్వరం వచ్చింది. దోమలన్నాడు. వైద్య సిబ్బంది కట్ట మీదికి వచ్చి పరీక్ష చేసి కరోనా అని తేల్చారు. అయినా దోమలే అన్నాడు. ఆయనని పట్టుకున్నందుకు ఆ రోగం కూడా చింతించినట్టుంది, పెద్దగా బాధపెట్టకుండానే ఊరుకుంది. ఒకనాడు పులుసులో ఉప్పు లేదని నీళ్ళ మీద నుంచి కేకేశాడు. ఉప్పు సరిపోయిందనీ, తెలియనిది ఆయన నాలుకకేననీ కట్ట మీద నుంచి సుబ్బులు జవాబు చెప్పింది.

జ్వరం దిగిందో లేదో ఆయనకి పాత బుద్ధి పుట్టింది. కాలనీ వెనక గోడ ఒకచోట కూలి ఉంది. అక్కడి నుంచి దూరి మేడ మీది గదిలోకి పోతే ఎవరికి తెలుస్తుంది? వైద్య సిబ్బంది ఇంకా నాలుగు రోజులు ఆగమన్నారుగా సారూ అని బిక్షపతి గుర్తుచేశాడు. ఆ లెక్కలు గట్టు మీదివాళ్ళకి అన్నాడు చిదంబరం.

మర్నాడు పొద్దున్నే ఆయన హంసని మెట్లకి కట్టి మొహం కడుక్కుంటున్నాడు. కట్ట మీద కారు వచ్చింది. తేజేష్ నడుపుతున్నాడు, పక్కన సుబ్బులు, వెనక సీట్లో కీర్తన. నొప్పులు మొదలయ్యాయి. మెయిన్ రోడ్డు దారిలో చిదంబరం బిగించిన డ్రమ్ములూ వాసాలూ ఎంతకీ ఊడిరాక ఈ ఇరుకు దారిన వచ్చారు. ఇక్కడేమో చెరువులోంచి బిక్షపతి తీసిన గుర్రపుడెక్క గుట్టగా పడి ఉంది. అతను దాన్ని పక్కకి లాగేదాకా కారు ఆగాల్సి వచ్చింది. సరిగ్గా మెట్ల పక్కన ఆగింది.

కీర్తన కిటికీ అద్దం దించి ఉంది. నొప్పికి పెదవి కరుచుకుని ఉన్న ఆ పిల్ల మామగారిని చూసి, అలవాటు కొద్దీ, ఇన్నాళ్ళ జాగ్రత్తలన్నీ మరిచిపోయి తల బయటికి వంచింది.

“మామయ్యా, వెళ్ళొస్తాను.”

పెద్దవాళ్ళు తల మీద చెయ్యి పెట్టకుండా ఆసుపత్రికి పోయే ఆనవాయితీ ఆ ఇంట్లో లేదు. చిదంబరం కాలు అప్పటికే మెట్టు మీద ఉంది. చెయ్యి లేచింది. అక్కడ తాళం లేదు, ఫ్లెక్సీ లేదు. సుబ్బులు కూడా కారు దిగి అడ్డం రాలేదు. ఆ చేతినే చూస్తోంది.

లేచిన చేతికి హంస మెడ అడ్డం వచ్చింది. దాని మీద వేపకొమ్మ ఎండి గలగలలాడింది. చిదంబరం ఆ కొమ్మని చూశాడు. కోడలి పాపిటని చూశాడు. మెట్టు మీది కాలు తీసి పడవలో పెట్టి, తాడు విప్పి వెనక్కి తొక్కడం మొదలుపెట్టాడు.

అంత వయసు మనిషి అంత వేగంగా పెడల్స్ తొక్కడం ఎవరూ చూసి ఉండరు. వెనక్కి తొక్కడానికి పుట్టని ఆ హంస కీచుమని అరిచింది, చైను పటపటలాడింది, పడవ గుండ్రంగా తిరిగింది. చివరికి తోక ముందు పెట్టుకుని పోయి చెరువు మధ్య గుర్రపుడెక్కలో కూరుకుపోయింది. అక్కడి నుంచి చెయ్యెత్తి, అరిచీ అరిచీ బొంగురుపోయిన గొంతుతో దీవించాడు. కారు కదిలింది. అది కట్ట మలుపు తిరిగాక కూడా ఆయన ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. పడవ మాత్రం అక్కడే ఉంది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని తేజేష్ ఫోన్ చేసి చెబితే చిదంబరం ఫోన్ పెట్టేసి, పిల్ల రంగు అడగడం మరిచిపోయానని బిక్షపతి మీద అరిచాడు. కూలిన గోడ సంగతి మళ్ళీ ఎత్తలేదు. చెప్పినన్నాళ్ళూ చెరువు మీదే ఉన్నాడు.

ఆ ఫ్లెక్సీ ఇప్పుడు టికెట్ల గది రేకుల మీద ఉంది. వానకి కారకుండా బిక్షపతి పరిచాడు. అందులోని చిదంబరం పైన పోయే విమానాలకి నమస్కారం పెడుతున్నాడు. సత్తమ్మ పనిలోకి వచ్చింది. ఆయన గేటు దగ్గర ఎదురైతే మాత్రం ఓ అర నిమిషం దారి ఇవ్వదు.

చిదంబరం ఈ కథ కూడా చెబుతూనే ఉంటాడు. ఆయన చెప్పే కథలో గేటుకి తాళం లేదు. స్వేచ్ఛ కోసం తనే పడవెక్కాడు. మొదట్లో మహిపాల్ ఒక్కడే తరిమేవాడు, తరువాత రెండు జీపులు వచ్చాయి, ఈమధ్య ఒక హెలికాప్టరు కూడా వస్తోంది. వెనక్కి తొక్కిన ముక్క మాత్రం ఎప్పుడూ చెప్పడు. సుబ్బులు చిక్కుళ్ళు వలుస్తూ వింటుంది, దిద్దదు.

హంస మాత్రం ఆ రోజు నుంచి వెనక్కే పోతుంది. ఎంత ముందుకి తొక్కినా సరే, తోక ముందు పెట్టుకుని బయలుదేరుతుంది. పిల్లలకి అదే సరదా అయింది, టికెట్ల దగ్గర తోపులాట. అయినా చైను మార్పిద్దామని బిక్షపతి ఒకసారి ఇంటికి వచ్చి అడిగాడు. మార్చాల్సిందే, పడవ తాత మనవడి చెరువులో వెనక్కిపోయే పడవేమిటి, తలవంపులు అన్నాడు చిదంబరం.

సుబ్బులు వంటింట్లోంచి తల బయటపెట్టింది.

“వద్దులే బిక్షపతీ. అదొక్కటీ అలాగే ఉండనియ్యి.”