పలక తట్టినట్టు

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన గుర్తొస్తే ఇప్పటికీ నుదురు తడుముకుంటాను. అంతకుముందు ఆయనది పలకల ఫ్యాక్టరీలో పని. పగులుందేమోనని పలకను తట్టి వినే అలవాటు ఆయన్ని వదల్లేదు.

చెల్లెలి పెళ్లి వీడియో నేనే ఎడిటింగ్ చేస్తానని ఇంట్లో గొప్పలు పోయి, పాత కంప్యూటర్ మోసుకెళ్లి, ఏ సాఫ్ట్‌వేర్ వేయాలని అడిగాను. ఆయన దాన్ని ఆన్ కూడా చేయలేదు. డబ్బా మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ర్యామ్ నాలుగు జీబీనే. పెద్ద సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే కదల్దు. చిన్నదే వేసుకో తమ్ముడూ."

ఆన్ చేసి చూస్తే నిజంగానే నాలుగు. నాకు రోషం వచ్చింది.

"కొత్త కంప్యూటర్ కొంటాలే అన్నా, పెద్దదే ఎక్కించు."

ఆయన లేచొచ్చి నా నుదుటి మీద రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, చాలాసేపు విన్నాడు.

"కంప్యూటర్ మారిస్తే ఏంది లాభం? నువ్వు చిన్నదే నేర్చుకో తమ్ముడూ."