ఎదురొచ్చే మనిషి

ఎమ్మిగనూరులో మా వీధి నిండా మగ్గాలే. ఆ వీధికంతటికీ ఎదురొచ్చే మనిషి మా అమ్మ. ఆదోని కోర్టుకు పోయేవాడైనా, పిల్లను చూడబోయేవాడైనా, మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కించేవాడైనా, ముందు మా గడప దగ్గరికొచ్చి "వదినా, కొంచెం ఎదురు రా" అనేవాడు. అమ్మ నిండు చెంబు పట్టుకొని వీధి చివరి నుంచి నడిచి వచ్చేది. పని అయితే అమ్మ చలవ, కాకపోతే వాడి కర్మ. ఇంత సుఖమైన ఉద్యోగం నేను ఇంకోటి చూడలేదు.

నాకు శకునాల మీద నమ్మకం లేదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని నాయన నన్ను దెప్పేవాడు.

ఎనభైల మొదట్లో ఒక వేసవి, రాట్నం మీద కండెలు చుడుతూ అమ్మ దారం వంకరగా కనిపిస్తోందంది. ఎడమ కంట్లో ఒక మూల నీడ కూడా ఉందంది. కళ్ళద్దాలు ఇస్తారని ఆదోనికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. అద్దాల మాటెత్తకుండా మద్రాసు ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు. ఆదోనిలోనే రైలెక్కాం.

కంటి లోపల నల్లటి గడ్డ ఉంది, క్యాన్సరు అన్నాడు మద్రాసు డాక్టరు. కన్ను తీసేయడం ఒక దారి. లేదంటే రేడియేషన్ ఉన్న చిన్న లోహపు బిళ్ళను గడ్డ ఉన్నచోట కనుగుడ్డుకు వెనకవైపు కుట్టి, కొన్ని రోజులుంచి తీసేస్తారు. ఆ కిరణాలకు గడ్డ మాడిపోతుంది.

"కానీ గడ్డ చూపునరం పక్కనే ఉందమ్మా. కిరణాలు నరానికీ తగుల్తాయి. కన్ను మిగిలినా, చూపు మెల్లమెల్లగా పోవచ్చు" అన్నాడు, వచ్చిన తెలుగులో నిదానంగా.

నేను తీసేయమన్నాను. రోగం వేళ్ళతో సహా పోతుంది కదా అని నా ఆశ. అమ్మ వినలేదు. "బిళ్ళే కుట్టండి సామీ. చూపు పోతే పోనీ. కన్ను లేనిదాన్ని ఎదురు రమ్మని ఎవురు పిలుస్తారు?"

మా వైపు ఒంటికన్ను మనిషి ఎదురైతే వెనక్కి తిరిగొచ్చి, కాసేపు కూర్చొని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరుతారు. అమ్మ కూడా అలా వెనక్కి వచ్చిన రోజులున్నాయి. నాకు ఒళ్ళు మండింది. ప్రాణం మీదికొస్తే ఈమెకు వీధివాళ్ళ ప్రయాణాలు కావలసి వచ్చాయి!

బిళ్ళ కుట్టాక అమ్మను వేరే గదిలో ఒంటరిగా ఉంచారు. కిరణాలు బయటికి రాకుండా కంటి మీద సీసపు మూత. మేము గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వచ్చేయాలి. కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు ఆ వైపు రాకూడదు. నర్సు కూడా గబగబా పని చూసుకొని పోయేది.

"నన్ను సూసి అందరూ తప్పుకొంటాండారు పాపా" అంది అమ్మ. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఊరికొచ్చాక కంటి ఎరుపు తగ్గింది. కన్ను ఎప్పటిలాగే ఉంది. వీధి మొత్తం వచ్చి చూసిపోయింది. అమ్మ మళ్ళీ చెంబు పట్టింది. నేనే ఓడిపోయాననుకున్నాను, సంతోషంగానే.

ఒకటి రెండేళ్ళకు అమ్మ సాకులు మొదలుపెట్టింది. పిలిస్తే మోకాలు నొప్పి అనేది, ఇంకా నీళ్ళు పోసుకోలేదనేది. పక్కింటాయన "మీ అమ్మ బెట్టు సేస్తాంది" అని నాతోనే అన్నాడు. నిజమే కాబోలనుకున్నాను.

అప్పుడే నాకు టీచరు ఉద్యోగానికి కర్నూలులో ఇంటర్వ్యూ పడింది. బ్యాగు పట్టుకొని వీధిలో నిలబడ్డాను. నమ్మకం లేకపోయినా, ఊరికంతా వచ్చిన మనిషి నాకు రాదా అని చూశాను. రాలేదు. లోపలికి పోతే, అమ్మ వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చొని ఉంది.

"ఎదురింటి అక్కను రమ్మని సెప్పినాను. ఆ యమ్మ వస్తాది, పో" అంది.

"నువ్వెందుకు రావు?"

"ఎడమ కంట్లో ఏమీ కనపడ్డంలేదు పాపా. శానా దినాలాయె."

బ్యాగు కింద పెట్టాను. ఆమె పక్కన కూర్చున్నాను. కన్ను కన్నులాగే ఉంది కదమ్మా, ఎవరికి తెలుస్తుంది అన్నాను.

"నాకు తెల్సు గదా. ఒంటికన్నుతో నా బిడ్డకు ఎదురొస్తానా?"

చెయ్యి పట్టి లాగాను. బతిమాలాను. బస్సు వేళైందని నాయన కేకేశాడు. ఎదురింటామె చెంబుతో వచ్చింది, నేను వెళ్ళాను.

ఉద్యోగం వచ్చింది. ఆ మాట వినగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. మద్రాసు నుంచి వచ్చాక ఆమెను అంత సంతోషంగా చూడటం అదే మొదటిసారి.

"సూసినావా? నేను రాకపోబట్టే వచ్చినాది" అంది.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, నేను బయల్దేరే వేళకు అమ్మ లోపలికి పోయి తలుపు వేసుకొనేది.